రేకు తాపిన చెక్క

సోమవారం అనగానే హిల్డాకు ఆదివారం సాయంత్రం నుంచే నడుంనొప్పి మొదలయ్యేది. టైన్ నది ఒడ్డున ఆ వీధిలో ఆడవాళ్లందరికీ సోమవారమే బట్టల రోజు. రాగి కాగులో నీళ్లు మరగాలి, తొట్టిలో బట్టలు వేసి రోకలిలాంటి కర్రతో దంచాలి, మరలో పెట్టి తిప్పి పిండాలి, వెనక సందుకు అడ్డంగా తాడు కట్టి ఆరేయాలి. ఆరేసిన కాసేపటికే బొగ్గుబండి వస్తే పరుగెత్తి తాడు పైకెత్తాలి. ఒక్క ఇంటి బట్టలైతే ఏదోలా అయ్యేది. పక్కింట్లో ఉండే తమ్ముడు కడీ బట్టలు కూడా ఆమె నెత్తినే. అతని అసలు పేరు కద్బర్ట్. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నాకు తీరికేదీ?" అనేవాడు. తీరిక లేనిది ఎవరికో ఆ తొట్టినీ కర్రనూ అడగాలి.

అందుకే ఆ ఏడాది కార్మికుల క్లబ్బు వాళ్లు లీక్ అనే కూరగాయ కాడల పోటీకి మొదటి బహుమతిగా బట్టలుతికే మిషను పెడుతున్నారని వినగానే, హిల్డా పొయ్యి మీది కూర దించేసి, నడుముకు కట్టిన గుడ్డ కూడా విప్పకుండా క్లబ్బుకు పరుగెత్తింది. కిటికీ అద్దం వెనక తెల్లగా, నున్నగా నిలబడి ఉంది అది. చాలాసేపు చూసింది. ఇంటికొచ్చి, వెనక గదిలో గిన్నెలు ఆరబెట్టే బల్ల కింద ఉన్న బకెట్లూ పాత బూట్లూ తీసి పారేసి చోటు ఖాళీ చేసింది. జింకు రేకు తాపిన చెక్కబల్ల అది, వాళ్ల అత్తగారి నాటిది. దాని కింద మిషను సరిగ్గా పడుతుందని జానలతో కొలిచి చూసుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారా? అనండి. హిల్డా ఆశకు ఆధారం ఉంది.

ఆమె మొగుడు హెడ్లీ, తమ్ముడు కడీ, యుద్ధం ముగిసిన ఏటి నుంచీ రైలుకట్ట పక్కన ఒకే మడి సాగుచేస్తున్నారు. లీక్ కాడ ఉల్లి జాతిదే. మామూలు ఇళ్లలో రెండు వేళ్ల లావుంటుంది. ఆ ఊరి మగవాళ్లు పెంచితే పసివాడి తొడంత అవుతుంది. తినడానికి కాదు, జంటగా బల్ల మీద పెట్టి గెలవడానికి. మడిలో పని ఎప్పుడో పంచుకున్నారు. మట్టి పని హెడ్లీది: తవ్వడం, గుల్ల చేయడం, ఎరువు కలపడం. మొక్క పని కడీది: నీళ్లూ పులిసిన బీరూ పోయడం, పురుగు ఏరడం, పావురాలను తోలడం, చివరికి ఒక్క వేరు తెగకుండా కాడను పైకి తీయడం. ఆ పని కడీ చేతులకే తెలుసు. కిందటేడు వాళ్లకు రెండో బహుమతిగా గోడగడియారం వచ్చింది. అంతకు ముందేడు మొదటి బహుమతి, సోఫా.

కానీ ఈ వేసవిలో వాళ్లిద్దరూ పనిచేసే షిప్‌యార్డులో గొడవ వచ్చి పడింది. అక్కడ నార్వే వాళ్ల కోసం పెద్ద ఓడ తయారవుతోంది. ఓడలో గదుల గోడలకు కొత్తరకం పలకలు వచ్చాయి, లోపల చెక్క, పైన పల్చటి రేకు. వాటికి రంధ్రాలు వేయాలి. చెక్కకు రంధ్రం వేసేది వడ్రంగి. రేకుకు వేసేది రేకుపనివాడు. తాతల నాటి కట్టుబాటు అది. ఈరోజు నా పని ఇంకొకడు ముట్టుకుంటే రేపు నా కొడుక్కి పని ఉండదని అందరికీ భయం. యుద్ధానికి ముందు ఏళ్ల తరబడి పనుల్లేక పస్తులున్న ఊరు, ఆ భయం ఊరికే పుట్టలేదు. మరి చెక్కా రేకూ అంటుకుని ఉన్నదానికి ఎవరు వేయాలి? "లోపలంతా చెక్కే, మాది" అన్నారు వడ్రంగులు. "ముందు తగిలేది రేకే, మాది" అన్నారు రేకుపనివాళ్లు. రెండు యూనియన్లూ పని ఆపేశాయి. ఓడ గదులకు గోడల్లేకుండా రేవులో కూర్చుంది. వడ్రంగుల యూనియన్ పెద్ద హెడ్లీ. రేకుపనివాళ్ల యూనియన్ పెద్ద కడీ.

లండన్‌లో ప్రభుత్వానికి అప్పటికే ఊపిరాడటం లేదు. కార్మికుల ఓట్లతో గెలిచిన ప్రభుత్వం. కార్మికులను ఒక మాట అనాలంటే నోరు రాదు, అనకపోతే పౌండు నిలబడదు. రోజూ సాయంత్రం రేడియోలో ఎవరో ఒక మంత్రి, జీతాలు పెంచమని అడగొద్దు, ఓడలు కట్టి పైదేశాలకు అమ్మండి, అప్పుడే గట్టెక్కుతాం అని బతిమాలేవాడు. అది విని హెడ్లీ "రేకువాళ్లకి చెబుతున్నాడు" అనేవాడు. గోడ అవతల అదే రేడియో విని కడీ "వినండయ్యా వడ్రంగులూ!" అని అరిచేవాడు. ఆ గోడ మహా పల్చన.

బావా బావమరుదులకు మాటలు పోయాయి. కడీ ఆదివారం భోజనానికి రావడం మానేశాడు. హిల్డా అతని పళ్లెం పెరటి గోడ మీంచి అందించేది. పళ్లెంతో పాటు కబుర్లు కూడా అటూ ఇటూ మోసేది.

"మీ తమ్ముడికి చెప్పు, మడి మీద పావురాలు వాలుతున్నాయని," అన్నాడు హెడ్లీ ఒక పొద్దున, బూట్లు విప్పుతూ.

"నువ్వు తోలలేదూ?"

"పావురాలు మొక్క పని."

"హుష్ అంటే నోరు అరిగిపోతుందా?"

"ఇవాళ హుష్ అంటే రేపు నీళ్లు పొయ్యమంటాడు. కట్టుబాటంటే కట్టుబాటే."

హిల్డా గోడ దగ్గరికి వెళ్లింది. "ఒరే కడీ! పావురాలంట!"

"చూశానక్కా," అన్నాడు కడీ అటునుంచి. "మట్టి గట్టిపడిపోయింది, వేళ్లకి గాలాడట్లేదు. మట్టి పని ఎవరిదో వాళ్లకి చెప్పు."

పొద్దున హెడ్లీ, సాయంత్రం కడీ, వంతులేసుకుని వెళ్లేవాళ్లు. ఎవరి పని వాళ్లు చేసి, రెండోవాడి పని వంక చూడకుండా వచ్చేసేవాళ్లు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, యార్డులో రగిలిన కోపమంతా పాపం ఆ కాడల మీద పడింది. మధ్యాహ్నాలు హిల్డా ఒక్కతే వెళ్లి చూసొచ్చేది. ఇన్నేళ్ల చేతివాటం కాబట్టి కాడలు బాగానే లావెక్కాయి. అయినా ఆమెకు బెంగే. ఇద్దరూ కలవకపోతే తవ్వడమూ తీయడమూ కలవవు. కాడలు క్లబ్బు చేరవు, మిషను ఇల్లు చేరదు, తమ్ముడు తన భోజనాల బల్ల దగ్గరికి చేరడు. ఈ మూడింట్లో ఏది ఎక్కువ బాధో ఆమెకే తెలియలేదు.

సెప్టెంబరులో, పోటీ దగ్గర పడ్డాక, కార్మికశాఖ వాళ్లు లవెల్ అనే పెద్దమనిషిని రాజీకి పంపారు. సన్నగా, పొడుగ్గా, ఎండలో కూడా గొడుగు పట్టుకుని దిగాడు. మంచివాడే. యార్డు ఆఫీసులో ఒక గదిలో వడ్రంగుల్ని, ఇంకో గదిలో రేకువాళ్లని కూర్చోబెట్టి, మధ్య నడవాలో తిరిగి తిరిగి బూట్ల మడమలు అరగదీసుకున్నాడు. ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు. శుక్రవారం మధ్యాహ్నం, ఎవరు చెప్పారో ఏమో, హిల్డా తలుపు తట్టాడు.

"అమ్మా, మీ ఆయనా మీ తమ్ముడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే ఏం చెయ్యాలి?"

"ముందు మీరు కూర్చోండి బాబూ. మొహం చూస్తే అన్నం మొహం చూసి ఎన్నాళ్లయిందో అన్నట్టుంది."

గుండ్రటి పెద్ద రొట్టె చీల్చి, మధ్యలో పంది మాంసం ముక్కలూ ఉడికించి మెదిపిన బఠాణీ ముద్దా పెట్టి ఇచ్చింది. ఆయన రెండో ముక్క మీద ఉండగా వీధి చివర ఎర్ర ఫోను డబ్బా మోగింది. ఆ వీధిలో ఫోనంటే అదొక్కటే. హిల్డా వెళ్లి ఎత్తింది. లండన్ నుంచి ఎవరో, మంత్రిగారు లైన్లో ఉన్నారు, లవెల్‌ను పిలవండి అన్నారు.

"ఆయన తింటున్నాడు," అంది హిల్డా. "తిన్నాక చేస్తాడు. మంత్రిగారిని కూడా కాస్త ఏదైనా తినమనండి, రేడియోలో గొంతు మరీ నీరసంగా ఉంటోంది."

వచ్చి ఆ మాట చెబితే లవెల్ నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకున్నాడు. "రేపు సాయంత్రం బండికి నేను వెనక్కి వెళ్లిపోవాలమ్మా. ఈలోగా తేలకపోతే నార్వే వాళ్లు ఓడ వద్దంటారు. ఒక్క ఓడతో దేశం మునగదనుకోండి. కానీ మా ఆఫీసులో ఇలాంటి రంధ్రాలు ఇంకా ఎన్ని ఉన్నాయో మీకు తెలీదు."

"నాకూ రేపే గడువు," అంది హిల్డా. "మధ్యాహ్నానికల్లా కాడలు క్లబ్బు బల్ల మీద ఉండాలి. పదండి, చూపిస్తాను."

పోటీ ముందు రోజు కాబట్టి ఇద్దరూ మడిలోనే ఉన్నారు. హెడ్లీ ఈ చివర పారతో మట్టి వదులు చేస్తున్నాడు. కడీ ఆ చివర తడిగుడ్డతో ఆకులు తుడుస్తున్నాడు. వీపులు ఎదురుపడ్డాయి తప్ప మొహాలు ఎదురుపడలేదు. లవెల్‌కు ఏదో ఒక మంచి మాట అనాలనిపించింది.

"అబ్బ, ఎంత బాగున్నాయండీ! బ్రహ్మాండమైన సూపు అవుతుంది."

హెడ్లీ పార ఆగింది. కడీ గుడ్డ ఆగింది. ఇద్దరూ లవెల్ వంక చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సూపంట," అన్నాడు హెడ్లీ.

"సూపు!" అన్నాడు కడీ.

మరుక్షణం సమ్మె గుర్తొచ్చి చెరో వైపు తిరిగారు. లవెల్ తానేం తప్పు మాట్లాడాడో తెలియక గొడుగు తిప్పుకుంటూ నిలబడ్డాడు. హిల్డా మాత్రం చూడవలసింది చూసింది.

శనివారం పొద్దున ఆమె వెళ్లేసరికి ఊహించినంతా అయింది. హెడ్లీ రెండు పెద్ద కాడల చుట్టూ గుండ్రంగా తవ్వేసి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కడీ బయట కంచె తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లవెల్ ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతున్నాడు. బురద ఆయన పంట్లాం మోకాళ్ల దాకా ఎక్కింది.

"ఏమయ్యా, తియ్యలేదేం?" అంది హిల్డా.

"నా పని అయిపోయింది," అన్నాడు హెడ్లీ. "తియ్యడం నాది కాదు."

"అయితే లేచి రా, వాడు తీస్తాడు."

"తీసేదాకా గుంటకి కాపలా మట్టి పనే. నేను కదలను."

"ఆయన కదిల్తేగానీ నేను లోపలికి రాను," అన్నాడు కడీ. "నా మనుషులు చూస్తే ఏమనుకుంటారు? వడ్రంగి పెద్దతో ఒకే గుంటలో చేతులు పెట్టాననరూ?"

ఎండ ఎక్కుతోంది. తవ్విన గుంటలో తెల్లటి వేళ్ల కొసలు అప్పుడే వాడుముఖం పట్టాయి. లవెల్ గొంతు సవరించుకుని, ఎవరి హక్కులకూ భంగం లేకుండా, తాత్కాలికంగా, ఈ ఒక్కసారికి అని ఏదో మొదలుపెట్టాడు. హిల్డా ఆయన్ని పక్కకు జరిపి, చేతిసంచిలోంచి సూపు గిన్నె తీసి గట్టు మీద పెట్టింది. పక్కన కూరగాయల కత్తి పెట్టింది. ఉప్పు డబ్బా కూడా తెచ్చింది.

"చాలు," అంది. "మీ పళ్లేలు గోడ దాటించాను. మీ మాటలు మోశాను. మీ ఇద్దరి చొక్కాలూ ఒకే తొట్టిలో దంచాను, నా పక్కన ఉండనని ఒక్క చొక్కా అయినా అలిగిందా? మిషను వచ్చే రాత నాకు లేదు. కనీసం సూపైనా తాగుతాను. లవెల్ గారూ, మీరన్నది నిజం. మీరూ భోజనానికి వచ్చెయ్యండి."

గుంటలోకి దిగి, రెండు చేతులా కాడ మెడ పట్టుకుని ఒక్క ఊపు ఊపింది.

"ఆగవే!" అన్నాడు హెడ్లీ.

"అక్కా, మెడ వదులు, మెడ!" కడీ తలుపు తీయలేదు, కంచె మీంచే దూకాడు. వస్తూనే మోకాళ్ల మీద పడి కాడ కింద చెయ్యి పెట్టాడు. "బావా, ఎడమ పక్క పట్టేసింది, వదులు చెయ్యి!"

"చేస్తున్నా. నువ్వు పైకి లాగకు."

"లాగట్లేదు. ఇంకొంచెం కింద. మెల్లగా! వేరు తగుల్తోంది."

"నాకు తెలీదట్రా? నువ్వు బీరు పోసి పెంచితే నేను పారతో నరుకుతానా?"

"ఆ, ఇప్పుడు… వచ్చేసింది, వచ్చేసింది!"

వచ్చింది, గడ్డం లాంటి వేళ్లన్నీ చెక్కుచెదరకుండా. పిల్లను చేతుల్లోకి తీసుకున్నట్టు తీసుకుని తడిగుడ్డ మీద పడుకోబెట్టారు. రెండోది ఎవరూ చెప్పకుండానే తీశారు. హిల్డా గట్టు మీద కూలబడింది. కత్తి తీసి సంచిలో పెట్టేసింది.

"నిజంగా కోసేదానివా?" అన్నాడు హెడ్లీ.

"నిజంగానే," అంది హిల్డా. అబద్ధం. ఇంకొక్క క్షణం వాళ్లు ఊరుకుని ఉంటే ఆమె అక్కడే ఏడ్చేసి ఉండేది.

లవెల్ గొడుగు మట్టిలో గుచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. "ఒక్క ప్రశ్న. ఈ కాడను తీసిందెవరు?"

"నేను," అన్నారిద్దరూ.

"ఆయన తవ్వకపోతే?"

"వచ్చేది కాదు," అన్నాడు కడీ.

"ఆయన పట్టుకోకపోతే?"

హెడ్లీ కాడ మీది మట్టి బొటనవేలితో తుడిచాడు. "విరిగేది."

"మరి ఓడలో కూడా ఇలాగే చేస్తే? ఒక పలకకి ఇద్దరు. రేకు తెగేదాకా రేకుపనివాడు తిప్పుతాడు, వడ్రంగి పట్టుకుంటాడు. చెక్క తగలగానే వడ్రంగి తిప్పుతాడు, రేకుపనివాడు పట్టుకుంటాడు."

బావా బావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు.

"జీతం?" అన్నాడు హెడ్లీ.

"ఇద్దరికీ పూర్తిగా."

"టీ తాగడానికి?" అన్నాడు కడీ.

"ఇద్దరూ ఒకేసారి వెళ్లొచ్చు."

దాంతో తేలిపోయింది. యార్డు ఆఫీసు నడవాలో తేలనిది రైలుకట్ట పక్క బురదలో తేలింది. తేల్చిన లవెల్ మొహంలో మాత్రం సంతోషం కంటే దిగులే ఎక్కువ కనిపించింది. "తక్కువమందితో ఎక్కువ పని అని మంత్రిగారు రోజూ రేడియోలో మొత్తుకుంటున్నారు. ఒక్క రంధ్రానికి ఇద్దర్ని పెట్టానని ఆయనకెలా చెప్పను?"

"ఓడ కదిలిందని చెప్పండి," అంది హిల్డా. "మిగతాది అడిగినప్పుడు చెబుదురుగాని."

ఆ మధ్యాహ్నం క్లబ్బులో ఒక గనికార్మికుడి కాడలు వీళ్లవాటికంటే లావుగానే ఉన్నాయి. కానీ రెండూ ఒక్క తీరుగా లేవు, ఒకటి కాస్త వంగింది. వీళ్లవి మాత్రం కవలలు. న్యాయనిర్ణేత టేపు పట్టుకుని మూడుసార్లు తిరిగి చివరికి వీళ్ల బల్ల దగ్గర ఆగాడు. హెడ్లీ, కడీ ఒకరి భుజాలొకరు చరుచుకున్నారు. హిల్డా వాళ్ల వంక కూడా చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్లి, మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. బండి టైమైనా లవెల్ ఆగి ఆమెకు టోపీ తీసి మరీ వెళ్లాడు.

మిషను ఇంటికొచ్చింది. ఆమె కొలిచినట్టే బల్ల కింద సరిగ్గా పట్టింది. కానీ మురికినీళ్ల గొట్టం పైకొచ్చి బల్ల పక్కనున్న సింకులోకి వంగాలంటే బల్లకు రంధ్రం కావాలి. చెక్క బల్ల. పైన జింకు రేకు.

"కానియ్యి కడీ, ముందు రేకు కదా," అన్నాడు హెడ్లీ.

"కాదు బావా, కిందంతా చెక్కే. నీ పని నేనెలా ముట్టుకుంటాను? నువ్వే కానియ్యి."

"నీకు అన్యాయం చేసి నేను వెయ్యనురా."

"పోనీ ఇద్దరూ కలిసి వెయ్యండి," అంది హిల్డా. "ఒప్పందం ఉందిగా?"

"ఒప్పందం ఓడకి," అన్నాడు హెడ్లీ. "ఇంటికి లేదు. గురువారం రెండు యూనియన్ల మీటింగు ఉంది, అక్కడ పెడతాం. అందరూ ఒప్పుకుంటారులే."

పోట్లాటలో ఉన్నప్పుడు మాది మాది అని కొట్టుకున్నవాళ్లు, స్నేహమయ్యాక నీది నీది అంటున్నారు. రెండింట్లోనూ రంధ్రం పడలేదు. ఆదివారం భోజనానికి కడీ వచ్చాడు, ఇద్దరు మనుషుల తిండి తిన్నాడు, తిన్నాక బావ భుజం మీద చెయ్యి వేసి క్లబ్బుకు వెళ్లాడు. హిల్డా మూల చూసింది. రెండిళ్ల బట్టలు కుప్పగా ఉన్నాయి. తెల్లవారితే సోమవారం.

టీకి నీళ్లు పొయ్యి మీద పెట్టింది. హెడ్లీ పెట్టెలోంచి రంధ్రాలు వేసే బరమా తీసింది. కడీ ఇంటికి వెళ్లి అతని పెట్టెలోంచి రేకు తొలిచే బిట్టు తెచ్చి బరమాకు బిగించింది. బల్ల మీద మోకాలు ఆనించి తిప్పడం మొదలుపెట్టింది. రేకు కీచుమంది, తర్వాత చెక్కపొట్టు రాలింది. నీళ్లు మరిగేసరికి అవతలి వెలుగు కనిపించింది.

సోమవారం పొద్దున వెనక గదిలోంచి గుడగుడమని చప్పుడు విని బావా బావమరుదులు పరుగెత్తుకొచ్చారు. మిషను తిరుగుతోంది. గొట్టం బల్లలోంచి పైకొచ్చి సింకులోకి మురికినీళ్లు కక్కుతోంది. హిల్డా కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. పెళ్లయ్యాక సోమవారం పొద్దున ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఇది ఎవరు తొలిచారు?" అన్నాడు హెడ్లీ.

"నేను."

"ఏ యూనియన్‌ని అడిగి?"

"నాకు యూనియన్ ఎక్కడుందయ్యా? ఉంటే ఈ ఇల్లు ఎప్పుడో మూతపడేది."

ఇద్దరూ వంగి రంధ్రాన్ని పరీక్షగా చూశారు. వేలు పెట్టి అంచు తడిమారు. తలలు రెండూ ఒకేసారి ఊగాయి. వడ్రంగులూ రేకుపనివాళ్లూ మధ్యవర్తి లేకుండా ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం ఆ నదీతీరంలో అదే మొదటిసారి.

"వంకరగా ఉందక్కా," అన్నాడు కడీ.

"నీళ్లు పోతున్నాయిగా," అంది హిల్డా. "ఆ చొక్కా విప్పు, అది కూడా వేద్దాం."